అప్పుల గడిలో ‘లేవు’ అని రాసిన చెయ్యి

స్పెషల్ బ్రాంచిలో వెరిఫికేషన్ సీటుకు కొత్తగా వచ్చేవాళ్లకు పనికొచ్చేలా ఏదైనా రాయమని మా పాత ఆఫీసు పిల్లలు అడిగారు. ఫారం ఎలా నింపాలో, ఏ కాగితం ఎవరి సంతకానికి వెళ్లాలో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఆ సీటులో కూర్చుని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. చదువుతుంటే నవ్వొస్తే నవ్వండి. నేనూ ఇప్పటికీ నవ్వుతాను. కాసేపయ్యాక ఆగిపోతాను.

ముందు పని ఏమిటో చెప్తాను. రక్షణ శాఖ కర్మాగారం లాంటి చోట ఒకరికి ఉద్యోగం వస్తుంది. చేర్చుకునే ముందు ఆ సంస్థ పోలీసులను అడుగుతుంది: ఈ మనిషి ఎలాంటివాడు, రహస్యాలుండే చోట పెట్టుకోవచ్చా అని. మేం ఊరికి వెళ్లి, ఇల్లు చూసి, ఇరుగుపొరుగును అడిగి ఒక పేజీ రాస్తాం. ఆ పేజీ బాగుంటే క్లియరెన్స్ వస్తుంది. లేకపోతే చేతికొచ్చిన ఉద్యోగం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. తిరుపతిలో ఎస్సైగా ఏళ్ల తరబడి ఆ పేజీలు రాశాను. నా పేరు రెడ్డెప్ప.

టీ అంగడి సాక్ష్యం

కొత్తవాళ్లు ఊళ్లోకి దిగగానే టీ అంగడికి వెళ్తారు. నేనూ వెళ్లేవాణ్ణి. “మంచోడే సార్, అయితే...” అంటాడు అంగడాయన. ఆ ‘అయితే’ తర్వాత వచ్చేదంతా మనకు విందు భోజనం. చంద్రగిరి దగ్గర ఒకాయన ఒక కుర్రాడి మీద అరగంట చెప్పాడు. పొగరు, నిలకడ లేదు, నమ్మదగినవాడు కాదు. నేను ముప్పాతిక పేజీ రాసుకున్నాక తెలిసిందేమిటంటే, ఆ కుర్రాడు ఈయన అంగట్లో టీ మానేసి ఎదురంగట్లో తాగుతున్నాడు. ఆయన దృష్టిలో దేశద్రోహం అంటే అదే. కాగితం చింపేశాను. అప్పటికి నాకు చింపేంత బుద్ధి ఉండేది.

నాకు నోటికొచ్చిన వాక్యం

ఫారంలో అప్పుల గడి ఒకటి ఉంటుంది. అది అక్కడ ఉండడానికి కారణం ఉంది. పీకల్లోతు అప్పులో ఉన్న మనిషిని ఎవడైనా డబ్బు చూపి లొంగదీయవచ్చు, బెదిరించి లోపలి సంగతులు లాగవచ్చు. ఆ భయం సబబైనదే. అయితే దానికోసం నేను ఒక వాక్యం తయారు చేసి పెట్టుకున్నాను: “అభ్యర్థి ఆర్థిక ఇబ్బందులలో ఉన్నందున ప్రలోభాలకు, బెదిరింపులకు లొంగే అవకాశం కలదు.” బిడ్డ చదువుకు పొలం తాకట్టు పెట్టినాయనకూ అదే వాక్యం, పేకాటలో మోటార్ సైకిలు పోగొట్టుకున్నవాడికీ అదే వాక్యం. అప్పు ఎందుకైంది, కడుతున్నాడా, చెప్పాడా దాచాడా అని అడగడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట నేను మిగుల్చుకునేవాణ్ణి.

మేమూ ఏటా మా ఆస్తులు, అప్పులు కాగితం మీద పెట్టి ఆఫీసులో ఇవ్వాలి. అందులో అప్పుల గడిలో నేను ‘లేవు’ అని రాసేవాణ్ణి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అందరూ మెచ్చుకునేవాళ్లు.

నాలుగు ఈములు

ఊళ్లల్లో ఈము పక్షుల పిచ్చి పట్టిన రోజులవి. గుడ్డు ఇంత, నూనె అంత, కొనేది మేమే అని ఒక కంపెనీ ఏజెంటు చెప్పాడు. అబద్ధాలు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ ఏజెంటు మాటలు మాత్రం సాయంత్రం దాకా నోరు తెరుచుకుని విన్నాను. నగరిలో బట్టల అంగడి ఉన్న కన్నప్ప దగ్గర ప్రాంసరీ నోటు రాసి అప్పు తెచ్చి, నాలుగు ఈములు కొని, వడమాలపేటలో మా అన్న చేలో వదిలాను. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు.

ఆరు నెలలకు కంపెనీ మూతపడింది. ఈములు మాత్రం మూతపడలేదు. రోజూ తిన్నాయి. ఒకటి నా యూనిఫాం బొత్తాం పీకి మింగి, నా కళ్లలోకి చూసింది. మా అన్న ఫోన్ చేసి, “రేయ్, నీ పచ్చులు నా ఎద్దుల్ని తరమతా ఉండాయి. వచ్చి అరెస్టు చేసుకోని పో,” అన్నాడు.

విరగని చేతికి కట్టు

ప్రాంసరీ నోటు మూడేళ్లలోపు తిరగరాయకపోతే దానికి కాలదోషం పడుతుంది. ఆ తర్వాత కోర్టుకు వెళ్లినా నిలవదు. ఇంకా పన్నెండు రోజులుందనగా కన్నప్ప ఫోన్ చేశాడు. “సార్, డబ్బులు తొందరేమీ లేదు. నోటు మాత్రం తిరగరాసిస్తే సాలు.” మంచివాడు. చట్టం తెలిసిన నేను మాత్రం ఆ పన్నెండు రోజులు సంతకం పెట్టకుండా ఎలా గడపాలా అని ఆలోచించాను. చెయ్యి విరిగితే సంతకం పెట్టలేం కదా అనిపించింది. ఇంత గొప్ప ఆలోచన వచ్చిందని నన్ను నేనే మెచ్చుకుని పుత్తూరు బస్సెక్కాను.

పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేవాళ్లు చాలామంది. పేరున్నవాళ్ల దగ్గరికి పోతే తెలిసినవాళ్లు కనిపిస్తారని, రోడ్డు పక్కన ఒక కొట్టంలో కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పేరు కూడా అడగలేదు.

“యాడ విరిగింది సామీ?”

“విరగలేదు.”

“బెణికిందా?”

“లేదు. కుడిచేతికి కట్టు కావాలి. పన్నెండు రోజులుండాలి.”

ఆయన నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఎముక బంగారట్లుండాది. దీనికి కట్టేస్తే ఆ ఎముకే నన్ను తిడతాది.”

“డబ్బులు ఎక్కువిస్తాను.”

“ఇరగని సేతికి డబ్బులెట్ల తీసుకునేది సామీ?”

ఒక ఇబ్బందిలో ఉన్నానని చెప్పి, దండం పెట్టినంత పని చేశాను. నా ముఖం చూసి జాలిపడ్డాడు. “ఇబ్బంది యాడుందో నాకు తెలీదు గానీ, సేతిలో మాత్రం లేదు,” అంటూనే ఆకుపసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. గుడ్ల ఖర్చు మాత్రం తీసుకున్నాడు.

మర్నాడే కన్నప్ప బత్తాయి పండ్లతో మా ఇంటికి వచ్చాడు. కట్టు చూసి నిజంగానే కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు.

“అయ్యయ్యో! కుడిసెయ్యేనా సార్?”

“కుడిదే కన్నప్పా. సంతకం పెట్టే పని లేదు, సూడు.”

“సంతకం ఎందుకు సార్? ఎడంసేతి బొటనేలు బాగుండాది గదా!” అని సంచిలోంచి ఇంకుప్యాడు తీశాడు.

నా సర్వీసులో ఎంతమంది దొంగల ఎడమ బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించానో నాకే లెక్క లేదు. నాకూ ఎడమ బొటనవేలు ఉందన్న సంగతి ఆ క్షణం దాకా తోచలేదు. “ఈ రోజు మంగళవారం కదప్పా,” అన్నాను. “అవును సార్, మరిసేపోయినా,” అని మంగళవారం పేరు విని లెంపలేసుకుని వెళ్లిపోయాడు.

నేను మళ్లీ పుత్తూరు వెళ్లాను. పెద్దాయన నా ఎడమ చెయ్యి చూసి, “కాళ్లు గూడా కట్టేద్దునా సామీ? మళ్లా మళ్లా బస్సు సార్జీలెందుకు?” అన్నాడు.

రెండు చేతులకూ కట్లతో ఇంటికొచ్చాను. రెండోసారి బస్టాండులో జారిపడ్డానని చెప్పాను. మర్నాడు మళ్లీ వచ్చిన కన్నప్ప రెండు కట్లూ చూసి, ఇంకుప్యాడు సంచిలోంచి తీయకుండానే వెళ్లిపోయాడు. నా భార్య సుగుణ అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టేది. గుడ్డు వాసనకు వీధిలో పిల్లులు రెండు నా వెంట నడిచేవి. ఆఫీసు గేటు దగ్గర సెంట్రీ నాకు సెల్యూట్ చేసి వాటిని అదిలించేవాడు.

పుత్తూరు విచారణ

ఆ వారంలోనే రేవతి అనే అమ్మాయి ఫైలు వచ్చింది. పాలిటెక్నిక్ చదివి, తడ దగ్గర సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. రక్షణ కర్మాగారంలో టెక్నీషియన్‌గా ఎంపికైంది. నెలలోపు క్లియరెన్స్ రాకపోతే ఆ బ్యాచ్ పోతుంది. పుత్తూరు పక్కన పల్లె. నాకు చేతులు లేవు కాబట్టి రాయడానికి హెడ్ కానిస్టేబుల్ జయమ్మను తీసుకెళ్లాను. జయమ్మ నోరు మంచిది కాదు, చూపు మాత్రం మంచిది.

రేవతి ఫారం తీసి చూస్తే అప్పుల గడి నిండిపోయి, ఇంకో తెల్లకాగితం జతచేసి ఉంది. అమ్మ ఆపరేషన్‌కు తెచ్చింది, చదువుకు బ్యాంకులో తీసుకున్నది, కోచింగ్ ఫీజుకు మేనత్త చెవికమ్మలు కుదువపెట్టి తెచ్చింది. నెలనెలా ఎంత కడుతోందో పక్కనే రాసింది.

“ఇవన్నీ ఎందుకు రాసినావమ్మా?” అన్నాను.

“అడిగినారు గదా సార్.”

“కొన్ని వదిలేసుండొచ్చే.”

ఆ అమ్మాయి పెన్ను తీసుకుంది. “ఏది వదిలేది సార్? మా అత్త కమ్మలు వదిలేస్తే ఆమె ఊరుకోదు. ఆ కమ్మల సంగతి ఈ వీదిలో బర్రెలకు గూడా తెలుసు.”

జయమ్మ నవ్వింది. అప్పుడే వాకిట్లోంచి ఆకుల మోపుతో అమ్మాయి తండ్రి చెంగల్రాయుడు లోపలికి వచ్చాడు. చూస్తే నాకు కట్టు కట్టిన పెద్దాయనే.

“సామీ! అప్పుడే కట్లు విప్పించుకుందామని వచ్చినారా? పన్నెండు దినాలంటిరే?”

జయమ్మ తల తిప్పింది. “సార్‌కు కట్టింది మీరేనా? ఎముక యాడ విరిగిందేమి?”

ఆయన నా ముఖం చూశాడు. నేను ఏమీ చూడనట్టు దూలం వైపు చూశాను. “కట్టు కట్టించుకున్నోళ్ల సంగతి బయట సెప్పము తల్లీ. మా నాయన కాలం నుంచీ అంతే,” అన్నాడు.

ఒక కుటుంబం రహస్యం దాచగలదా లేదా అని విచారించడానికి వెళ్లాను. నా కళ్లెదురుగా, నా రహస్యాన్నే, అడిగింది పోలీసు అయినా దాచిపెట్టాడు ఆ ఇంటాయన. ఇంతకంటే వెరిఫికేషన్ ఏముంటుంది? నాకు మాత్రం ఒకే ఆలోచన. ఈయనకు నా గుట్టు తెలుసు. రేపు నోరు జారితే? కూతురికి క్లియరెన్స్ రాకుండా పోతే, ఈయన నా గురించి ఏం చెప్పినా కడుపుమంటతో అంటున్నాడని జనం అనుకుంటారు. ఇలా ఆలోచించానని రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. కానీ ఆలోచించాను.

తిరిగొచ్చేటప్పుడు జీపులో నా వాక్యం చెప్పాను. “అభ్యర్థి ఆర్థిక ఇబ్బందులలో ఉన్నందున...”

జయమ్మ పెన్ను ఆగింది. “ఆ పిల్ల దాసిందేమీ లేదే సార్.”

“రాయమ్మా.”

“రాస్తా. రాసేది నా సెయ్యి, మాట మీదని గూడా రాసేదా?”

ఆఫీసులో సంతకం దగ్గర చిక్కొచ్చింది. నివేదిక మీద నేనే సంతకం పెట్టాలి. కట్టులోంచి కుడిచేతి వేళ్ల కొసలు బయటికే ఉన్నాయి. తలుపు వేసుకుని, పెన్ను పట్టుకుని, ఎప్పటిలాగే పెట్టేశాను. మా ఇన్‌స్పెక్టర్ దొరస్వామిగారు బందోబస్తు మీద కొండ మీద ఉన్నారు. ఇన్‌చార్జి చూడకుండానే పంపేశాడు.

కట్టు విప్పిన రోజు

పదమూడో రోజు పొద్దున చెంగల్రాయుడు మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాడట. డబ్బు అడుగుతాడు, లేదంటే కూతురి సంగతి ఎత్తుతాడు అనుకున్నాను.

“బాగుండే సెయ్యి ఇన్ని దినాలు కట్లో ఉంటే కీళ్లు బిగుసుకుంటాయి సామీ. మీరు రాకపోతిరి. నాకు నిద్ర పట్టలే,” అని కింద కూర్చుని కట్లు విప్పి, నూనె రాసి, ఒక్కొక్క వేలూ మెల్లగా వంచి సరిచేశాడు. కూతురి పేరే ఎత్తలేదు. విచారణ చేసే అధికారిని అడగకూడదని ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆయనకే తెలుసు.

సుగుణ కాళ్లకు నీళ్లిచ్చి, “ఎముక బాగా అతుక్కుందా పెద్దాయనా?” అని అడిగింది.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. “ఎముక ఎప్పుడూ బాగానే ఉండాదమ్మా,” అని లేచి వెళ్లిపోయాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. మాట మింగడం వచ్చు, అంతే.

సుగుణ నా వైపు తిరిగింది. ఇక చెప్పక తప్పలేదు. నోటు, ఈములు, అన్న ఎద్దులు, అన్నీ చెప్పాను. అప్పు ఎంతో విన్నప్పుడు కూడా ఏమీ అనలేదు. చివరికి, “అంటే రెండు సేతులూ బాగుండి, ఇన్ని దినాలు నా సేత ముద్దలు పెట్టించుకున్యావా? నిన్న పులుసులో ముల్లు గూడా తీసి పెట్టినానే!” అంది. మధ్యాహ్నం కంచం నా ముందు నేలమీద పెట్టి, దూరంగా కూర్చుని, నేను తినేది చూసింది. అంత కష్టమైన భోజనం నేనెప్పుడూ చేయలేదు. ఆ సాయంత్రం నగరి వెళ్లి, కాలదోషం పట్టిన నోటుకు కొత్త నోటు రాసిచ్చాను. కన్నప్ప నా చేతులు చూసి, “దేవుడున్నాడు సార్, భలే అతుక్కున్నాయి,” అన్నాడు. ఆయనకూ నిజం చెప్పాను. నమ్మలేదు. పోలీసాయన తమాషా చేస్తున్నాడనుకున్నాడు.

దొరస్వామిగారి ప్రశ్న

దొరస్వామిగారు చిత్తూరు మనిషి. గొంతు పెంచరు. అరిచే అధికారుల దగ్గర నేను నేర్చుకున్నది వాళ్లకు ఎదురుపడకుండా తిరగడం ఒక్కటే. ఈయన దగ్గర తప్పించుకునే దారి ఉండదు. మర్నాడు కొండ దిగి వచ్చి ఆఫీసు కాపీలన్నీ చదివి నన్ను పిలిచారు. రేవతి నివేదిక బల్ల మీద ఉంది.

“రెడ్డెప్పా, నువ్వు ఇది రాసినప్పుడు రెండు చేతులూ విరిగి ఉండాయి గదా?”

“అవును సార్.”

“సంతకం ఇంత గుండ్రంగా ఎట్ల వచ్చెనప్పా? నాకు చేతులు బాగుండి కూడా ఇట్ల రాదే.”

ఆయన వేరే మాట అందుకున్నారు. “ఈ పిల్లకు అప్పులుండాయని నీకెవరు చెప్పిరి?”

“ఆమే చెప్పింది సార్.”

“వీదికంతా తెలిసిన అప్పు పట్టుకోని ఆమెను ఎవడు ఏమని బెదిరిస్తాడు? ‘నీ అత్త కమ్మల సంగతి చెప్పేస్తా’ అనా?” నివేదిక పక్కకు జరిపారు. “నిన్ను బెదిరించాలంటే మాత్రం చానా సులభం అనిపిస్తా ఉండాది. ఏమి సంగతి?”

ముందురోజు సుగుణకు చెప్పడంతో నోరు కాస్త అలవాటు పడింది. మొత్తం చెప్పాను. ఈము బొత్తాం మింగిన దగ్గర ఆయన మీసం కదిలింది. చెంగల్రాయుడి నోరు మూయడానికి కూతురి మీద రాశానని చెప్పిన దగ్గర ఆగిపోయింది.

“ఆయన నిన్ను ఏమన్నా అడిగినాడా?”

“లేదు సార్. వేళ్లు సరిచేసి పోయినాడు.”

“సరే. సరిచేసిన వేళ్లతోనే రాయి,” అన్నారు.

రాశాను. మొదటి నివేదిక తప్పని, దానికి కారణం నా సొంత అప్పు, నా సొంత భయం అని, అభ్యర్థి ఏదీ దాచలేదని, ఆ ఇంట రహస్యం నిలుస్తుందని నాకు స్వయంగా తెలుసని రాశాను. నా అప్పుల గడి కూడా ఆ రోజే దిద్దాను. నాకు మెమో వచ్చింది, సీటు పోయింది. భక్తుల క్యూల దగ్గర విజిల్ ఊదే డ్యూటీ వేశారు. దాని గురించి రాయాల్సిందేమీ లేదు. అది న్యాయమే.

మిగిలినది

పిల్లలూ, మీరు అప్పుల గడి చూసినప్పుడు నాలుగు అడగండి. ఎందుకైంది, కడుతున్నారా, ఇంట్లో తెలుసా, మన దగ్గర దాచారా. జవాబు రాకముందు పెన్ను ముట్టుకోవద్దు. అప్పు ఎక్కువై, కట్టకుండా, అబద్ధాలాడే మనిషి ఎదురైతే వద్దని రాయండి, మొహమాటపడొద్దు. అలాంటివాణ్ణి నేను దగ్గరగా ఎరుగుదును.

రేవతి సంగతి చెప్పాలి. రెండో నివేదిక చేరేలోపు ఆ బ్యాచ్ నిండిపోయింది. తర్వాతి బ్యాచ్‌లో ఆమెకు క్లియరెన్స్ వచ్చింది, చేరింది, ఇప్పుడు అక్కడ మంచి పేరుతో ఉంది. మధ్యలో పదకొండు నెలలు ఆమె రోజూ చీకటితో లేచి తడ ఫ్యాక్టరీ బస్సెక్కింది. కమ్మలకు ఆ పదకొండు నెలల వడ్డీ కూడా కట్టింది. ఆ వడ్డీ నేనిస్తానంటే, విచారణ చేసిన పోలీసు దగ్గర డబ్బు తీసుకుంటే అది కూడా ఫారంలో రాయాల్సొస్తుందని వద్దంది.

బ్యాచ్ పోయిన వారానికే నేను వాళ్లింటికి వెళ్లాను. చెంగల్రాయుడు కొట్టం దగ్గర ఉన్నాడు. రేవతి వాకిట్లో ఫ్యాక్టరీ యూనిఫాం ఆరేస్తోంది. నిలబడే, ఏం రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. మీ నాయన అంటే భయపడి రాశానని కూడా చెప్పాను.

“మా నాయనకా?” అంది. అంత ఆశ్చర్యపోయిన ముఖం నేను చూడలేదు. “మా ఇంట్లో పిల్లి గూడా ఆయనకు బయపడదు సార్.”

నేను తల వంచుకున్నాను. ఆమె చొక్కా దులిపి తీగ మీద వేసింది. క్లిప్పు పెట్టింది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

“తరవాత బ్యాచికి మళ్లా విచారణకొస్తారంట గదా. ఎవరొస్తారు సార్?”

“జయమ్మ వస్తుందమ్మా. నేను రాను. నన్ను ఆ సీటు నుంచి తీసేశారు.”

“నిజంగా రారు గదా?”

“రాను.”

“అయితే కూర్చోండి,” అంది. “కాఫీ పెడతాను.”